మంగళహారతి దాకా రాని కథ: లాక్‌డౌన్‌లో సోలాపూర్‌లో ఆగిపోయిన ఒక ఒగ్గుకథ బృందం

నేను జానపద బృందాలకు కార్యక్రమాలు కుదిర్చే పని చేస్తాను. బయానా మాట్లాడటం, బండి చూడటం, దిగిన చోట పడక, తిండి ఏర్పాటు చేయించడం, తిరిగొచ్చాక లెక్క తేల్చడం, ఇవన్నీ అందులో భాగమే. ఇక్కడ రాస్తున్నది 2020 మార్చిలో జనగామ వైపు నుంచి బయలుదేరి, సోలాపూర్‌లో చిక్కుకుని, మే నెల సగం దాటాక ఇల్లు చేరిన ఒక ఒగ్గుకథ బృందం సంగతి. వాళ్ల ఒప్పుకోలుతోనే రాస్తున్నాను. మనుషుల పేర్లు, ఊరి పేరు రాయడం లేదు.

లాక్‌డౌన్‌లో చిక్కుకున్నవాళ్ల గురించి చాలామంది రాశారు. ఈ కేసును విడిగా రాయడానికి కారణం ఒకటే. బృందాన్ని అక్కడ కట్టిపడేసింది మొదట పోలీసులు కాదు, కరోనా కూడా కాదు. మన రంగంలో డబ్బు చేతులు మారే పద్ధతి. దాని ముడి విడిపోయింది కూడా మేం ఊహించని చోట, కథలోనే.

బృందం, ఒప్పందం

మనుషులు తొమ్మిది మంది. పెద్ద కథకుడు అరవై దాటినవాడు, షుగరు ఉంది. కథను అందుకుని అడ్డుప్రశ్నలు వేసే వంతలు ఇద్దరు, డోళ్లు నలుగురు, తాళాలు ఇద్దరు. తుఫాన్ బండి కిరాయిది, దాని డ్రైవర్ పదో మనిషి. డోళ్లవాళ్లలో ఇద్దరు పాతికేళ్ల లోపువాళ్లు. ఒకతను డిగ్రీ మధ్యలో ఆపి తండ్రి డోలు అందుకున్నాడు.

ఒగ్గుకథ తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. ఒగ్గు అంటే శివుడి చేతిలో ఉండే ఢమరుకం లాంటి చిన్న వాద్యం, దాన్ని జగ్గు అని కూడా అంటారు. కురుమ, గొల్ల కులాల పూజారులు మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు దాని తోడుతో చెబుతారు. మాణిక్యాపురం చుక్క సత్తయ్య, హన్మాజీపేట మిద్దె రాములు లాంటివాళ్ల వల్ల ఈ కళ సభావేదికల మీదికి కూడా వచ్చింది. అయినా ఇప్పటికీ బృందాలకు తిండి పెట్టేది వేదికలు కావు, మొక్కులు. ఇంట్లో మొక్కు ఉన్నవాళ్లు మల్లన్న పట్నం (రంగు పొడులతో నేల మీద వేసే ముగ్గు) వేయించుకుంటారు, కథ చెప్పించుకుంటారు. సంక్రాంతి నుంచి ఉగాది దాకా కొమురవెల్లి జాతర, ఆ తర్వాత ఎండాకాలం పండుగలు, పెళ్లిళ్లు, ఆషాఢంలో బోనాలు. ఏడాది సంపాదన దాదాపు అంతా ఈ ఆరేడు నెలల్లోనే.

సోలాపూర్ తూర్పు భాగంలో తెలుగు వినిపించని వీధి ఉండదు. తెలంగాణ నుంచి తరాల కిందట వెళ్లిన పద్మశాలి కుటుంబాలు పవర్‌లూమ్‌ల మీద చద్దర్లు, తువ్వాళ్లు నేస్తాయి. ఆడవాళ్లు బీడీలు చుడతారు. ఇంట్లో తెలుగు, బయట మరాఠీ. అక్కడ నాలుగు మగ్గాల షెడ్డు నడిపే ఒక కుటుంబం మొక్కు తీర్చుకోవాలని మూడు రాత్రుల మల్లన్న కథ అడిగింది. అది ముగించుకుని ముంబయి దగ్గరి భివండిలో ఇంకొకటి. రెండింటికీ కలిపి ఒకే ప్రయాణం. ఉగాది ఆ ఏడు మార్చి 25న. ఆ లోపు ఇల్లు చేరాలని లెక్క. కొమురవెల్లి జాతర ఆఖరి ఆదివారం పూట పరాయి రాష్ట్రంలో ఉండటం పెద్దాయనకు మొదటి నుంచీ ఇష్టం లేదు. డబ్బు బాగుందని ఒప్పుకున్నాడు.

డబ్బు పద్ధతి ఇలా. బయలుదేరే ముందు మొత్తంలో మూడో వంతు బయానా. అది బండికి, ఇళ్లలో ఇచ్చిరావడానికి సరిపోయింది. రోజూ రాత్రి కథలో జనం చదివించే కట్నాలు డీజిలుకు, చాయ్‌నాస్తాకు. మిగిలిన రెండు వంతులు ఆఖరి రాత్రి, మంగళహారతి పళ్లెంలో పెట్టి ఇస్తారు. ఇది ఈ ఒక్క బృందం పద్ధతి కాదు, నాకు తెలిసిన ఒగ్గు బృందాలన్నీ అలాగే చేస్తాయి. మంగళం పాడకుండా మిగతా డబ్బు అడగడం తప్పు. మంగళం పాడాక ఇవ్వకపోవడం అంతకన్నా తప్పు. కాగితం లేకుండా ఇన్ని తరాలు నడిచిందంటే ఈ కట్టుబాటు వల్లే.

మార్చి 19 నుంచి 25 దాకా

19వ తేదీ రాత్రి షెడ్డు ముందు పట్నం వేస్తున్నారు. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపచ్చ పొడి గీతలు సగం పడ్డాయి. ఎనిమిది గంటలకు ప్రధానమంత్రి టీవీలో మాట్లాడుతూ 22న జనతా కర్ఫ్యూ అన్నారు. ఆ రాత్రి కథ మాత్రం ఆగలేదు. జనం బాగానే వచ్చారు.

మరుసటి రాత్రికి వీధి పలచబడింది. పుణె, ముంబయి మూతపడుతున్నాయన్న వార్త అందరి ఫోన్లలో ఉంది. కట్నాలు డీజిలుకు కూడా చాలలేదు. 21వ తేదీ శనివారం పొద్దున వీధి పెద్దలు కూర్చుని, మూడో రాత్రి కథ ఇవాళ వద్దు, ఆదివారం కర్ఫ్యూ అయిపోయాక సోమవారం పెట్టుకుందామన్నారు. ఇంటాయన సరేనన్నాడు. పెద్దాయనా సరేనన్నాడు.

ఈ కేసులో అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాల్సింది ఆ శనివారం గురించే. రోడ్డు తెరిచే ఉంది. సోలాపూర్ నుంచి హైదరాబాద్ దాదాపు మూడొందల కిలోమీటర్లు. పొద్దున బయలుదేరితే చీకటి పడేసరికి జనగామ చేరొచ్చు. డ్రైవర్ అదే అన్నాడు: "పోదాం పెద్దయ్యా, బార్డర్ బంద్ చేస్తరట." పెద్దాయన దగ్గర మూడు కారణాలున్నాయి. మూడో వంతు బయానా అప్పటికే ఖర్చయింది. రెండు వంతులు మంగళహారతికి గానీ రావు. భివండివాళ్లు ఇంకా రావద్దని చెప్పలేదు. దానికి తోడు నాలుగోది, ఆయన నోటితో చెప్పకపోయినా అందరికీ తెలిసినది: దేవుడి కథ మొదలుపెట్టి నడిమధ్య వదిలి పోకూడదు. ఆయన స్థానంలో ఎవరున్నా ఆ పూట ఆగేవాళ్లే అని నా అభిప్రాయం. సోమవారం దాకా ఆగితే డబ్బు వస్తుంది. వెళ్లిపోతే చేతిలో ఏమీ ఉండదు.

ఆదివారం సాయంత్రం ఐదింటికి దేశమంతా చప్పట్లు, పళ్లాలు. కుర్రాళ్లు డోళ్లు తగిలించుకుని వీధిలోకి వచ్చారు. వీధివీధంతా మేడల మీదికెక్కి చూసింది. ఆ తర్వాత చాలా కాలం వరకు ఆ బృందానికి దొరికిన ఆఖరి జనం వాళ్లే. అదే సాయంత్రం తెలంగాణ ముఖ్యమంత్రి 31 దాకా లాక్‌డౌన్, సరిహద్దులు మూత అని ప్రకటించారు. సోమవారం మహారాష్ట్ర రాష్ట్రమంతటా కర్ఫ్యూ పెట్టి జిల్లా సరిహద్దులు కూడా మూసేసింది. మంగళవారం రాత్రి దేశమంతటికీ 21 రోజులు. బుధవారం ఉగాది, అక్కడివాళ్లకు గుడీ పాడవా. షెడ్డులో మగ్గాల పక్కన చద్దర్లు పరుచుకుని పడుకున్నారు.

ఆ రోజుల్లోనే హైదరాబాద్ హాస్టళ్ల నుంచి పోలీసుల అనుమతి కాగితాలతో బయలుదేరిన ఆంధ్రా విద్యార్థులు, ఉద్యోగులు గరికపాడు చెక్‌పోస్టు దగ్గర గంటల తరబడి రోడ్డు మీద నిలబడాల్సి వచ్చింది. పంపే రాష్ట్రం కాగితం ఇచ్చింది, తీసుకునే రాష్ట్రం ఒప్పుకోలేదు. మా బృందానికి మధ్యలో ఇంకో రాష్ట్రం కూడా ఉంది. సోలాపూర్ నుంచి వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి ఉమర్గా దాటాక కర్ణాటకలో బీదర్ జిల్లా మీదుగా వచ్చి, చిరాగ్‌పల్లి దగ్గర జహీరాబాద్ వైపు తెలంగాణలోకి దిగుతుంది. గరికపాడు వార్త చూశాక, రెండు వైపుల కాగితం లేకుండా బండి కదలకూడదని గట్టిగా అనుకున్నాం.

షెడ్డులో

మొదటి వారం వీధి తిండి పెట్టింది. ఇంటికొకరు వంతు వేసుకున్నారు. కానీ పవర్‌లూమ్ ఆగితే నేతగాడికి కూలి ఆగుతుంది. బీడీల పని కూడా ఆగిపోయింది. రెండో వారానికి బృందాన్ని పిలిచినవాళ్ల ఇళ్లలోనే బియ్యం డబ్బాలు అడుగంటాయి. అప్పుడు అక్కరకొచ్చింది మహారాష్ట్రలో అప్పటికే నడుస్తున్న శివభోజన్ పథకం. పది రూపాయల భోజనాన్ని లాక్‌డౌన్‌లో ఐదుకు తగ్గించారు. రెండు చపాతీలు, కూర, కొంచెం అన్నం, పప్పు. అన్నం మీద బతికే మనిషికి ఆ పళ్లెం ఒక పూటకే, అదీ అరకొరగా. షుగరున్న పెద్దాయనకు మాత్రం చపాతీయే మేలయిందని కుర్రాళ్లు నవ్వుతూ చెప్పారు.

నేను ఇక్కడి నుంచి డబ్బు పంపడం అనుకున్నంత తేలిక కాలేదు. తొమ్మిది మందిలో ఫోన్‌తో బ్యాంకు ఖాతా కలిపింది ఇద్దరికే. అందులో ఒకతని ఫోన్ రీచార్జి అయిపోయింది. చేతికి నగదు ఇవ్వాలంటే ఏటీఎం దాకా పోవాలి, పోతే లాఠీ. చివరికి వీధి చివర కిరాణా కొట్టు ఆయన క్యూఆర్ కోడ్ ఫొటో తెప్పించుకుని, వారానికింత అని నేరుగా ఆయనకే వేశాను. బియ్యం, పప్పు, నూనె, సబ్బు, షుగరు గోళీలు ఆయనే తెచ్చి ఇచ్చేవాడు. చిక్కుకున్నవాళ్లకు సాయం చేసే ఎవరికైనా నేను ఇప్పటికీ చెప్పేది ఇదే: మనిషికి డబ్బు పంపే ముందు, ఆ మనిషి నడిచి వెళ్లగల కొట్టును వెతకండి.

ఇళ్ల దగ్గర పరిస్థితి ఇంకాస్త నయం. తెలంగాణలో రేషన్ కార్డు మీద మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ప్రకటించారు. జన్‌ధన్ ఖాతా ఉన్న ఆడవాళ్లకు కేంద్రం ఏప్రిల్ నుంచి మూడు నెలలు ఐదొందల చొప్పున వేసింది. ఇంట్లో పొయ్యి వెలుగుతోందని తెలిశాక షెడ్డులో సగం గొడవలు తగ్గాయి.

మిగిలిన సగం బండి గురించి. బండి యజమాని జనగామలో. రోజుకింత అని వెయిటింగ్ లెక్క వేస్తున్నాడు. ఆయన దురాశపరుడేం కాదు, బండి మీద ఫైనాన్స్ ఉంది. మార్చి 27న రిజర్వ్ బ్యాంక్ అప్పుల వాయిదాలకు మూడు నెలల మారటోరియం (వాయిదా కట్టకుండా ఆగే వెసులుబాటు) ఇవ్వడానికి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలను అనుమతించింది. ఆ సంగతి ఆయనకు పూర్తిగా తెలియదు. ఫోన్‌లో కూర్చోబెట్టి దరఖాస్తు పెట్టించాం. వడ్డీ పడుతుందని చెప్పే పెట్టించాం. ఆ తర్వాత వెయిటింగ్ లెక్క ఆపేశాడు. జానపద బృందం సమస్యకు రిజర్వ్ బ్యాంక్ సర్క్యులర్ మందవుతుందని నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే నవ్వేవాణ్ని.

ఏప్రిల్‌లో కుర్రాళ్లు నడిచి పోదామన్నారు. రాత్రిళ్లు నడిచి ఉమర్గా దాకా, అక్కడి నుంచి పొలాల మీదుగా. డోళ్లు షెడ్డులో వదిలేసి. ఆ రోజుల్లో దేశంలో లక్షల మంది చేస్తున్న పనే అది. ములుగు జిల్లాలో మిర్చి ఏరడానికి వచ్చి, ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ వైపు నడిచిపోతూ ఇంటికి దగ్గర్లో కూలిపోయి ఏప్రిల్ 18న చనిపోయిన పన్నెండేళ్ల పాప వార్త వచ్చాక ఆ మాట ఆగింది. పెద్దాయన ఏమీ అనలేదట. ఆ రాత్రి షెడ్డు తలుపుకు అడ్డంగా మంచం వేసుకుని పడుకున్నాడు.

డోలు ఎందుకు మోగాలి

ఏప్రిల్ మధ్యలో స్థానిక పోలీసుల నుంచి ఒక అడుగుడు వచ్చింది. తెలుగు వీధుల్లో ముసలివాళ్లకు మరాఠీ మైకు ఎక్కడం లేదు, మీరు డోలు కొట్టి తెలుగులో జాగ్రత్తలు చెప్పండి అని. అదే వారం ఒక యూట్యూబ్ ఛానల్ నుంచి కుర్రాడికి ఫోన్: కరోనా మీద ఒగ్గు బాణీలో పాట చేసి పంపు, మంచి పేరొస్తుంది. డబ్బు ప్రస్తావన లేదు.

పెద్దాయన రెండింటికీ అడ్డం తిరిగాడు. "దేవుని ముంగట మోగే డోలు బిడ్డా ఇది. చాటింపుకు వేరే వాయిద్యం ఉన్నది, వేరే మనుషులున్నరు." ఈ మాటలో వాద్యం మీద గౌరవం ఉంది. చాటింపు వేసే డప్పు వాళ్లకన్నా ఒక మెట్టు పైన నిలబడటం కూడా ఉంది. రెండూ కలిసే ఉన్నాయి, విడదీసి చూపించే ఓపిక నాకు ఆ రోజు లేదు. డిగ్రీ ఆపిన కుర్రాడు అడిగిన ప్రశ్న మాత్రం సూటిగా ఉంది: "ఆదివారం చప్పట్లకు కొట్టినం గద, అప్పుడేమాయె?"

చివరికి డోళ్లు షెడ్డులోనే ఉన్నాయి. కుర్రాళ్లు ఇద్దరు, ఒక వంత కలిసి తాళాలతో, గొంతుతో నాలుగు వీధులు తిరిగారు. చేతులు కడుక్కోవడం, మూతికి గుడ్డ, గుంపు కూడొద్దు. ఒగ్గుకథలో వంత వేసే అడ్డుప్రశ్నల పద్ధతిలోనే, ఒకడు తెలియనివాడిలా అడగడం, ఇంకొకడు చెప్పడం. మేడల మీద నుంచి ముసలమ్మలు ఎదురు ప్రశ్నలు కూడా వేశారట. కూలి ఇవ్వలేదు. రేషన్ కిట్లు మాత్రం ఆ తర్వాత అడగకుండా వచ్చాయి, స్టేషన్‌లో వీళ్ల ముఖాలు తెలిశాయి. మేలో కాగితాలకు తిరిగినప్పుడు ఆ పరిచయం పనికొచ్చింది.

ఉచిత ప్రచార కార్యక్రమాల మీద నాకు పాత కోపం ఉంది. చైతన్యం పేరు చెప్పి కళాకారుడి కూలి ఎగ్గొట్టడం మన దగ్గర మామూలు. తెలంగాణలో ప్రభుత్వ సంస్థ సాంస్కృతిక సారథి ద్వారా కొన్ని వందల మందికి జీతమిచ్చి ఇలాంటి పని చేయిస్తున్నారు కదా, మిగతావాళ్లది మాత్రం ఎందుకు ఉచితం? ఈ ఒక్క కేసులో ఫలితం బాగుందని ఆ అభిప్రాయం మార్చుకోను. పాట అడిగిన ఛానల్‌కు రేటు చెప్పమన్నాను. మళ్లీ ఫోన్ రాలేదు.

కథ ముగించడం

ఏప్రిల్ ఆఖరికి అసలు చిక్కు బయటపడింది. కాగితాలు దొరికినా, రెండు బండ్ల కిరాయికి డబ్బు లేదు. దూరం పాటించి కూర్చోవాలి కాబట్టి ఒకే తుఫాన్‌లో పది మంది కుదరదు. ఇంటాయన రెండు వంతుల్లో కొంత ఇస్తే సరిపోతుంది. ఆయన దగ్గర బొత్తిగా లేదనడానికీ లేదు. అమ్ముడుపోని చద్దర్ల తాలూకు పాత బాకీ కొంత వసూలైంది. అయినా ఇవ్వడం లేదు. పెద్దాయన అడగడం లేదు. నేను ఫోన్ చేసి ఇంటాయనను అడిగితే మర్యాదగానే మాట మార్చాడు. పెద్దాయనను, మీరైనా ఒక మాట అనండి అంటే, "ఎట్ల అడుగుతం సారూ, కథ కాలే గద" అన్నాడు.

నెలన్నరగా ఒకే గోడకు అటూ ఇటూ ఉంటున్నారు, ఒకరి తిండి ఒకరు తిన్నారు. కథ కానందువల్ల ఆయన అడగలేడు. మొక్కు తీరనందువల్ల ఈయన ఇవ్వలేడు. ఇస్తే మొక్కు సగంలోనే ఆపేసినట్టు తనే ఒప్పుకున్నట్టవుతుంది. నేను దాన్ని మొండి బాకీ అనుకుని, మధ్యవర్తిని పెట్టి తేల్చుదామని చూస్తున్నాను. దారి చూపింది ఇంటాయన తల్లి. ముసలామె ఒక పొద్దున షెడ్డులోకి వచ్చి, మీ బృందంవాళ్లు, మా ఇంట్లోవాళ్లు తప్ప ఎవరూ లేకుండా, పొద్దుటిపూట, లోపలి గదిలో మిగిలిన కథ చెప్పెయ్యండి అంది.

మూడో రాత్రి కథ అంటే మామూలుగా తెల్లవారేదాకా. దాన్ని ఒక పూటలోకి కుదించాలి. మంచి ఒగ్గు కథకుడికి ఇది చేతనైన పనే. వినేవాళ్ల ఓపికను బట్టి అదే కథ మూడు రాత్రులు నడుస్తుంది, మూడు గంటల్లోనూ ముగుస్తుంది. ఏం తీసేయాలో తెలియడమే విద్య. వంతల పునరుక్తి తీసేశాడు. హాస్యం, పిట్టకథలు తీసేశాడు. యుద్ధ వర్ణనలు రెండు పంక్తులకు దించాడు. మేడలమ్మ పెళ్లి, గొల్ల కేతమ్మ పెళ్లి మాత్రం వదల్లేదు, ఎందుకంటే ఆ ఇంటి మొక్కు పెళ్లి మొక్కు. పట్నం చాప వెడల్పున వేశారు. డోళ్లు నాలుగింటికి బదులు ఒకటే, అదీ పుల్లతో కాకుండా చేత్తో, బయటికి వినపడనంత.

ఇదంతా అప్పటి నిబంధనలకు లోబడే జరిగిందా? ఒకే ప్రాంగణంలో నెలన్నరగా కలిసి ఉంటున్నవాళ్లే తప్ప బయటివాళ్లు లేరు. గుంపుగా చేరడం కిందికి రాదని మేం అనుకున్నాం. వీధిలో ఎవరినీ పిలవకపోవడం మీద తర్వాత కొన్ని అలకలు వచ్చాయి.

మంగళహారతి పళ్లెంలో ఇంటాయన బాకీలో సగం కన్నా కొంచెం ఎక్కువే పెట్టాడు. మిగిలింది మగ్గాలు తిరిగాక పంపుతానన్నాడు. పెద్దాయన బండారి (మల్లన్న పసుపు) బొట్టు పెట్టి తీసుకున్నాడు. అటువైపు గానీ ఇటువైపు గానీ ఆ తర్వాత ఆ డబ్బు గురించి ఇబ్బంది పడటం నేను చూడలేదు.

మాలాంటి నిర్వాహకులు కథను కార్యక్రమంగా చూస్తాం. జరిగింది, ఆగిపోయింది, రద్దయింది అని రాసుకుంటాం. వాళ్ల లెక్కలో ఆ మూడింటిలో ఏదీ కాని నాలుగో స్థితి ఉంది: మొదలైంది, ఇంకా అయిపోలేదు. ఆ స్థితిలో ఉన్నంతకాలం లెక్క తేలదు, ఎవరూ కదలరు. మొదటి వారంలోనే ఇది నాకు తెలిస్తే బృందం త్వరగా ఇల్లు చేరేదా అంటే, కాదు, రోడ్లు మూసి ఉన్నాయి. కానీ కిరాణా కొట్టుకు నేను వేసిన డబ్బు సగమయ్యేది, షెడ్డులో ఉన్నవాళ్లు పరాయి తిండి తింటున్నామన్న బాధ కొంత తప్పేది.

ఏ ఖానాలో రాయాలి

ఏప్రిల్ 29న కేంద్ర హోం శాఖ చిక్కుకున్నవాళ్లను రాష్ట్రాలు తరలించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. వలస కార్మికులు, యాత్రికులు, పర్యాటకులు, విద్యార్థులు, ఇతరులు. మే 1న లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు దాదాపు 1,200 మందితో మొదటి శ్రామిక్ రైలు వెళ్లింది. మా వాళ్లకు రైలు కుదరదు. సామాను ఉంది, బండి ఉంది, డ్రైవర్ ఉన్నాడు. రోడ్డు మీదే రావాలి.

దరఖాస్తులో ఏమని రాయాలన్న దగ్గర ఒక పూటంతా పోయింది. కుర్రాళ్లు, వలస కార్మికులని రాస్తే పని త్వరగా అవుతుందన్నారు. నిజమే, యంత్రాంగమంతా ఆ మాట చుట్టూనే తిరుగుతోంది. పెద్దాయన ఒప్పుకోలేదు. "దేవుని పేరు మీద తిరిగేటోళ్లం, యాత్రికులని రాయి." యాత్రికులని రాస్తే ఏ గుడికి వచ్చారని అడుగుతారు. కళాకారులని రాయడానికి ఖానా లేదు. చివరికి ఇతరులు అని పెట్టి, కారణం దగ్గర మల్లన్న కథ చెప్పడానికి వచ్చిన బృందమని మరాఠీలో ఒక వాక్యం రాయించాం. మహారాష్ట్రలో ఖండోబా అంటే తెలియనివాళ్లు ఉండరు. మన మల్లన్న, వాళ్ల ఖండోబా ఒకరే అని రెండు వైపుల భక్తులూ నమ్ముతారు. కాగితం చూసిన గుమాస్తా అది చదివి బండారి ఉందా అని అడిగి బొట్టు పెట్టించుకున్నాడట. దానివల్ల పని త్వరగా అయిందని నేను చెప్పలేను. కుర్రాళ్లు మాత్రం అలాగే చెప్పుకుంటారు.

జలుబు, జ్వరం లేవని డాక్టరు సర్టిఫికెట్లకు ఒక రోజు క్యూ. రెండు బండ్ల నంబర్లు, అందరి ఆధార్ కాపీలు. తెలంగాణ వైపు పోలీసుల ఈ-పాస్. ఈ పనులు నడుస్తుండగానే మే 8 తెల్లవారుజామున ఔరంగాబాద్ దగ్గర కర్మాడ్‌లో, నడిచీ నడిచీ పట్టాల మీద నిద్రపోయిన 16 మంది కూలీల మీదుగా గూడ్సు రైలు వెళ్లింది. ఆ రోజు షెడ్డు నుంచి నాకు చాలా ఫోన్లు వచ్చాయి, కానీ ఎవరూ ఏమీ అడగలేదు.

ప్రయాణంలో చెప్పుకోదగ్గ ఇబ్బంది లేదు. కర్ణాటక ముక్కలో ఎక్కడా ఆగకూడదన్నారు, ఆగలేదు. చిరాగ్‌పల్లిలో జ్వరం చూసి, పేర్లు రాసుకుని, చేతి మీద ముద్ర వేసి, 14 రోజులు ఇల్లు దాటొద్దన్నారు.

ఊరు మాత్రం ఇంకో చెక్‌పోస్టు. మార్చిలో దారికి అడ్డం వేసిన ముళ్లకంప తీసేసి చాలా రోజులైనా, మహారాష్ట్ర నుంచి వచ్చినోళ్లంటే జనం జడుసుకుంటున్న సమయం. ప్రతి ఏడూ ఊరి పండుగకు ఎవరి చేత పట్నం వేయించుకుంటారో ఆ మనుషులనే ఊళ్లోకి రావద్దన్నారు. సర్పంచ్ మంచివాడు, ఒకరి బావికాడి కొట్టం మాట్లాడి పెట్టాడు. తొమ్మిది మందీ అక్కడే రెండు వారాలు ఉన్నారు. ఎవరికీ జబ్బు రాలేదు.

లెక్క

ఆ ఏడు ఎండాకాలం పండుగలు పోయాయి. ఆషాఢంలో హైదరాబాద్ బోనాలు ఇళ్లలోనే చేసుకోమన్నారు, అదీ పోయింది. డోళ్లలో రెండింటి చర్మాలు షెడ్డు ఉక్కకు పాడై మళ్లీ మూయించాల్సి వచ్చింది. ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది ఏ ఒప్పందంలోనూ లేదు. నేను సగం పెట్టుకున్నాను, సగం పాళ్లలోంచి తీశారు. ఈ బృందంలో కథకుడికి రెండు పాళ్లు, మిగతావాళ్లకు తలా ఒకటి. ఆ ప్రయాణంలో పెద్దాయన ఒక్క పాలే తీసుకున్నాడు. రెండోది డ్రైవర్‌కు ఇచ్చాడు.

ఇప్పుడు నేను రాయించే ఒప్పందాల్లో కొన్ని మార్పులు చేశాను. బయానా మూడో వంతు నుంచి సగమైంది. తిరుగు ప్రయాణం డబ్బు విడిగా, బయలుదేరే ముందే, బృందంలో ఒకరి దగ్గర ఉంటుంది. అది కథ డబ్బు కాదని రెండు వైపులా ముందే చెబుతాను. అనుకోనిది వచ్చి కథ ఆగితే, వెళ్లే ముందు కుదించి మంగళం పాడే హక్కు బృందానికి ఉంటుంది, అలా పాడితే అప్పటిదాకా జరిగిన రాత్రుల లెక్కన బాకీ ఇచ్చెయ్యాలి. ఈ ఆఖరి షరతు పిలిచేవాళ్లకు తేలిగ్గా అర్థమైంది, ఎవరూ పేచీ పెట్టలేదు. సగం బయానా దగ్గర మాత్రం ఇప్పటికీ బేరం నడుస్తుంది. ఆగిన రోజులకు బత్తా అడిగితే ఎక్కువమంది ఒప్పుకోవడం లేదు. అడగడం మానలేదు.

సోలాపూర్ ఇంటాయన మిగతా బాకీ 2021 జనవరిలో, కొమురవెల్లి జాతరకు వచ్చినప్పుడు పెద్దాయన చేతికే ఇచ్చాడు. భివండివాళ్లు బయానా వెనక్కి అడగలేదు, వచ్చే ఏడు కథ చెప్పమన్నారు. వచ్చే ఏడు ఏప్రిల్‌లో రెండో వేవ్ వచ్చింది. ఆ బయానా ఇంకా బృందం దగ్గరే ఉంది, కథ ఇంకా బాకీనే. అప్పుడు పిలిచిన ఆయన లేడిప్పుడు, ఆయన కొడుకు రెండుసార్లు ఫోన్ చేశాడు. ఈసారి డోలు డిగ్రీ ఆపిన కుర్రాడిదే కాదు, కథ కూడా అతనిదే అంటున్నారు. తేదీ కుదరాల్సి ఉంది.